ఎంచుకోకుండా చూడడం

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల కింద, సరస్సు ఒడ్డున ఆన్సీ అనే చిన్న పట్టణం ఉంది. ఏటా జూన్‌లో వారం రోజులు ఆ ఊరంతా యానిమేషన్ సినిమాదే. 1960లో మొదలైన ఆన్సీ చిత్రోత్సవం ఈ రంగంలో అన్నిటికంటే పాతది, పెద్దది. 2024లో 17 వేల మందికి పైగా పేర్లు నమోదు చేసుకుని అక్కడికి వెళ్లారు. మొదటిసారి వెళ్లేవాళ్లలో చాలామంది సీట్ల బుకింగ్ తెరవగానే పెద్ద స్టూడియోల కొత్త సినిమాల కోసం, పేరున్న దర్శకుల ప్రసంగాల కోసం పోటీపడతారు. అవి దొరికాక మిగిలిన ఖాళీల్లో ఒకటో రెండో లఘుచిత్రాల షోలు పెట్టుకుంటారు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది దీనికి పూర్తిగా ఎదురు. యానిమేషన్ ఫెస్టివల్‌కి వెళ్తే ముందుగా పోటీలో ఉన్న లఘుచిత్రాల షోలు బుక్ చేసుకోండి. వాటిని మొదటినుంచి చివరిదాకా, ఒక్కటీ వదలకుండా, నిర్వాహకులు పేర్చిన వరుసలోనే చూడండి. మిగిలిన సమయం ఏమైనా ఉంటే పెద్ద సినిమాలకివ్వండి. అది ఆన్సీ కావచ్చు, ముంబై కావచ్చు, మీ ఊరి కాలేజీలో జరిగే ఒక్కపూట పండుగ కావచ్చు, ఈ వరుస మార్చవద్దు.

లఘుచిత్రాల పోటీని చాలా ఫెస్టివళ్లు భాగాలుగా విడగొట్టి చూపిస్తాయి. ఒక్కో భాగం గంటన్నర అటూఇటుగా ఉంటుంది. అందులో ఏడో ఎనిమిదో సినిమాలు. ఒకటి మూడు నిమిషాలదైతే మరొకటి పద్దెనిమిది నిమిషాలది. ఒకటి ఎస్తోనియాదైతే తర్వాతిది కొరియాది. నవ్వించే సినిమా పక్కన చావు గురించిన సినిమా, దాని పక్కన కథే లేని గీతల ఆట. టికెట్ ఒక్కటే కాబట్టి వీటిలో ఏది కావాలో ఏది వద్దో చెప్పే అవకాశం ప్రేక్షకుడికి లేదు. చాలామంది దీన్ని లోపమనుకుంటారు. నా లెక్కలో ఫెస్టివల్ ఇచ్చే అతి పెద్ద లాభమే ఇది. హోటల్లో మెనూ చూసి తెప్పించుకునే తిండికీ పెళ్లి పంక్తిలో ఆకు ముందు కూర్చుని తినే భోజనానికీ ఉన్న తేడా ఇది. మెనూ చేతికొస్తే మనం ఎప్పుడూ తినేదే చెబుతాం. పంక్తిలో మనం అడగని పచ్చడి కూడా ఆకులో పడుతుంది, నాలుకకు తగిలాకే అది మనకు నచ్చేదో కాదో తెలుస్తుంది. ఇవాళ మన చేతిలోని ఫోను, మన ఇంట్లోని టీవీ నిన్న మనం చూసినదాన్ని బట్టి ఇవాళ ఏం చూపాలో లెక్కవేస్తున్నాయి. నచ్చినదానికి దగ్గరగా ఉన్నదే మళ్లీ మళ్లీ ముందుకొస్తుంది. అభిరుచి అలా పెరగదు, ఉన్నచోటే గట్టిపడుతుంది. మనకంటే ఎక్కువ సినిమాలు చూసినవాళ్లు, మన ఇష్టాయిష్టాలతో పనిలేకుండా ఏర్చికూర్చిన గంటన్నర ముందు కూర్చోవడమనేది మామూలు జీవితంలో దాదాపు కనుమరుగైన అవకాశం.

పూర్తి నిడివి సినిమాల కంటే లఘుచిత్రాల మీదే నేను ఇంత పట్టుబట్టడానికి కారణం యానిమేషన్ తయారయ్యే తీరులోనే ఉంది. గంటన్నర యానిమేషన్ చిత్రానికి వందలమంది పనిచేయాలి, కోట్లు పెట్టాలి, ఆ డబ్బు తిరిగి రావాలి. కాబట్టి బొమ్మ తీరు అందరికీ అలవాటైనదిగా ఉండాలి, ఒకరి చెయ్యి ఇంకొకరి చేతిలో కలిసిపోవాలి. పది నిమిషాల సినిమాను ఒక్క మనిషి, లేదా ఇద్దరు ముగ్గురు తీయగలరు. అందుకే యానిమేషన్‌లో కొత్త పద్ధతులు చాలావరకు లఘుచిత్రాల్లోనే పుట్టాయి. కెనడాలో కరోలిన్ లీఫ్ కింద దీపం వెలిగే గాజుపలక మీద ఇసుక పోసి, వేళ్లతో కదుపుతూ, ఒక్కో కదలికనూ కెమెరాకు ఎక్కించింది. తర్వాత అదే గాజు మీద రంగులతో 1976లో 'ద స్ట్రీట్' తీసింది. చావుకు దగ్గరపడ్డ అమ్మమ్మ ఉన్న ఇంట్లో ఒక పిల్లవాడు ఏం చూస్తాడు, ఏం అనుకుంటాడు అన్నది ఆ సినిమా. అందులో ఒక దృశ్యం నుంచి ఇంకో దృశ్యానికి కోత దాదాపు ఉండదు. ఒక ముఖమే కరిగి గది అవుతుంది, గది కరిగి వీధి అవుతుంది. అలెగ్జాండర్ అలెక్సెయెఫ్, క్లేర్ పార్కర్ దంపతులు 1930ల్లోనే ఒక పలకకు లక్షల సన్నని సూదులు గుచ్చి, వాటిని లోపలికీ బయటికీ నొక్కి, పక్కనుంచి వెలుగు వేసి, ఆ నీడలతోనే బొమ్మలు కట్టారు. మన గుజరాత్‌లో పుట్టి, అహ్మదాబాద్‌లోని ఎన్‌ఐడీ డిజైన్ కళాశాల నుంచి కెనడాకు వెళ్లిన ఇషూ పటేల్ 1977లో 'బీడ్ గేమ్' అనే సినిమా అంతటినీ పూసలతోనే తీశాడు. పూసలు జీవులవుతాయి, జీవులు ఒకదాన్నొకటి మింగుతాయి, మింగుతూ మింగుతూ మనుషులవుతాయి, మనుషులు యుద్ధాలవుతారు. ఆ సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఇసుక, సూదులు, పూసలు: ఇవి వేటికీ పెట్టుబడిదారుడి అనుమతి అక్కర్లేదు, వీటిలో ఏదీ గంటన్నర సినిమాకు పెద్దగా పనికిరాదు. వీటిని చూడాలంటే లఘుచిత్రాల దగ్గరికి వెళ్లడమే దారి.

శ్రమ సంగతీ ఒకసారి లెక్కవేసి చూడండి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. చేత్తో గీసేవాళ్లు సాధారణంగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడతారు, అంటే సెకనుకు 12 బొమ్మలు. పది నిమిషాల సినిమాకు 7,200 బొమ్మలు. గీతాంజలి రావు 'ప్రింటెడ్ రెయిన్‌బో' బొమ్మలు తనే గీసింది. ఒంటరి ముసలావిడ, ఆమె పిల్లి, ఆమె దాచుకున్న అగ్గిపెట్టెల మీది బొమ్మల లోకం, పావుగంట సినిమా. దాని వెనక ఏళ్ల పని ఉంది. 2006లో కాన్ చిత్రోత్సవంలోని క్రిటిక్స్ వీక్‌లో దానికి బహుమతులు వచ్చాయి. ఇలాంటి సినిమాలు ఎనిమిది కలిపి ఒక షోలో చూస్తున్నప్పుడు, ఒక్కోదానికి రెండేళ్లే పట్టిందనుకున్నా, గంటన్నరలో మీ ముందు నుంచి పదహారేళ్ల పని వెళ్తోందన్నమాట. శ్రమ ఎక్కువైతే సినిమా గొప్పదవుతుందని నేననను. రెండేళ్లు చేసి పేలవంగా తేలిన సినిమాలు ప్రతి ఫెస్టివల్‌లోనూ ఉంటాయి. కాని ఒక మనిషి రెండేళ్లు వదలకుండా పట్టుకున్న ఆలోచనకు పది నిమిషాలు కదలకుండా కూర్చోవడం ప్రేక్షకుడిగా మనం ఇవ్వదగిన కనీస మర్యాద. ఆ మర్యాద అలవాటైతే చూపు కూడా మారుతుంది.

అసలు ఈ ఫెస్టివళ్లు పుట్టిందే లఘుచిత్రాల కోసం. 1956లో కాన్ చిత్రోత్సవం జరుగుతుండగా యానిమేషన్ వాళ్లు విడిగా ఒకచోట కూడారు. ఆ కూడిక నాలుగేళ్లకు ఆన్సీ ఫెస్టివల్ అయింది. అదే 1960లో, అదే ఊళ్లో ఆసిఫా అనే అంతర్జాతీయ యానిమేషన్ సంఘం ఏర్పడి, కెనడా దర్శకుడు నార్మన్ మెక్‌లారెన్‌ను మొదటి అధ్యక్షుడిగా ఎన్నుకుంది. సినిమాహాళ్లలో అసలు సినిమాకు ముందు పొట్టి కార్టూన్లు వేసే అలవాటు పోతున్న కాలం అది. హాలు నుంచి వెళ్లగొట్టిన సినిమాకు ఇల్లు కావాలి. అందుకే 1972లో జాగ్రెబ్, 1976లో ఒట్టావా, 1985లో హిరోషిమా ఫెస్టివళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒట్టావా మొదటి ఏడాదే కరోలిన్ లీఫ్ 'ద స్ట్రీట్'కు గ్రాండ్ ప్రైజ్ ఇచ్చింది. చెక్ దర్శకుడు యాన్ ష్వాంక్‌మాయర్ తీసిన 'డైమెన్షన్స్ ఆఫ్ డైలాగ్'కు 1983లో ఆన్సీ అత్యున్నత బహుమతి ఇచ్చింది. పన్నెండు నిమిషాల ఆ సినిమా మొదటి భాగంలో కూరగాయలతో చేసిన తల, వంటింటి సామానుతో చేసిన తల, కాగితాలూ కొలబద్దలతో చేసిన తల ఒకదాన్నొకటి మింగి కక్కుకుంటూ, చివరికి ఏ తేడా లేని ఒకే రకం మట్టి తలలుగా మిగులుతాయి. సొంత దేశంలో అధికారులు దాన్ని నిషేధించారు. ఆన్సీ లాంటి చోట్లు లేకపోతే ఆ సినిమాను చూసేవాళ్లే ఉండేవారు కాదు. పెద్ద సినిమాకు ఫెస్టివల్ ఒక ప్రచార వేదిక, ఒక మజిలీ మాత్రమే. లఘుచిత్రానికి అది చాలాసార్లు మొదటి తెర, ఒక్కోసారి చివరి తెర కూడా.

పెద్ద సినిమాలు చూడొద్దని నేననడం లేదు. అవి ఎటూ మీ దగ్గరికే వస్తాయి. జెరెమీ క్లాపాన్ తీసిన 'ఐ లాస్ట్ మై బాడీ' 2019లో ఆన్సీలో క్రిస్టల్ అనే అత్యున్నత బహుమతి గెలిచింది, ఆ ఏడాదే నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేసింది. విజయవాడలో ఇంట్లో కూర్చుని చూసినవాళ్లూ ఉన్నారు. కాని ఆ సినిమా ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కావాలంటే అతను 2008లో తీసిన 'స్కిజెన్' అనే లఘుచిత్రం చూడాలి. తన శరీరానికి కొద్ది దూరంలో తాను బతుకుతున్నానని నమ్మే మనిషి కథ అది. తెగిపోయిన చెయ్యి తన దేహాన్ని వెతుక్కుంటూ వెళ్లే పెద్ద సినిమాకు బీజం అక్కడ కనిపిస్తుంది. మైఖేల్ డ్యుడాక్ డె విట్ 2000లో తీసిన ఎనిమిది నిమిషాల 'ఫాదర్ అండ్ డాటర్' చూసి, జపాన్‌లోని జిబ్లీ స్టూడియో అతనికి ఉత్తరం రాసి, పెద్ద సినిమా తీస్తావా అని అడిగింది. 2016లో వచ్చిన 'ద రెడ్ టర్టిల్' అలా పుట్టింది. ఆస్ట్రేలియా దర్శకుడు ఆడమ్ ఇలియట్ మట్టి బొమ్మలతో ముందు మామ మీద, తర్వాత బంధువు మీద, ఆ తర్వాత అన్న మీద పొట్టి సినిమాలు తీసుకుంటూ వచ్చి, 'మేరీ అండ్ మ్యాక్స్'తో 2009లో, 'మెమోయిర్ ఆఫ్ ఎ స్నెయిల్'తో 2024లో ఆన్సీ క్రిస్టల్ రెండుసార్లు అందుకున్నాడు. మన దేశంలోనూ ఇదే దారి కనిపిస్తుంది. ఇషాన్ శుక్లా 'షిర్కోవా'ను 2016లో లఘుచిత్రంగా తీశాడు, 2024లో అదే లోకాన్ని పూర్తి నిడివి సినిమా చేశాడు. ఇప్పుడు 'బాహుబలి' యానిమేషన్ చిత్రానికి అతనే దర్శకుడు. పదేళ్ల తర్వాత తెరలకు ఏం రాబోతోందో ముందే చూడగలిగే చోటు లఘుచిత్రాల షో.

ఇవన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతున్నప్పుడు వెళ్లడం ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్నలో బలముంది. 2020లో కరోనా వల్ల ఆన్సీ ఫెస్టివల్ అంతా ఆన్‌లైన్‌లోనే జరిగింది. ఉపమన్యు భట్టాచార్య, కల్ప్ సంఘ్వీ తీసిన 'వేడ్' ఆ ఏడాదే సిటీ ఆఫ్ ఆన్సీ అవార్డు గెలిచింది. నీట మునిగిన కోల్‌కతాలో మనుషులూ పులులూ ఎదురుపడే ఆ సినిమాకు తెర చిన్నదైనంత మాత్రాన గుర్తింపు ఆగలేదు. కాబట్టి ఇంట్లో చూడడం వ్యర్థమని నేననను. రెండు విషయాలు మాత్రం అక్కడ కుదరవు. మొదటిది పదార్థం కనిపించడం. రష్యా దర్శకుడు అలెగ్జాండర్ పెత్రోవ్ 1999లో 'ద ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ'ని గాజు మీద తైలవర్ణాలతో, ఎక్కువగా వేలికొసలతోనే చిత్రించాడు. 29 వేలకు పైగా చిత్రాలు వేశాడు, అదీ ఐమాక్స్ తెర కోసం. ఆ సముద్రంలో వేలి జాడ కనిపించాలి. అరచేతి తెర మీద అది రంగుల మసకగా మిగిలిపోతుంది. రెండవది, ఇంతకంటే ముఖ్యమైనది, ఆపే మీట లేకపోవడం. ఫోన్‌లో నలభై సెకన్లకు నచ్చకపోతే పక్కకు జరుపుతాం. ఇవి నలభై సెకన్లలో తేలే సినిమాలు కావు. ఆన్సీలో షో మొదలవకముందు ప్రేక్షకులు కాగితపు విమానాలు చేసి వేదిక వైపు విసురుతారు, వాటిలో ఒకటి తెరను తాకితే హాలంతా చప్పట్లు. తెర మీద కుందేలు కనిపిస్తే అందరూ ఒక్కసారిగా దాని పేరు పెట్టి అరుస్తారు. ఆ సందడి చూసి గోలమూక అనుకోకండి. సినిమా మొదలవగానే అదే హాలు, తమకు ఏమీ తెలియని దర్శకుడి పది నిమిషాల కోసం నిశ్శబ్దంగా కూర్చుంటుంది. చుట్టూ అంతమంది శ్రద్ధగా చూస్తుంటే మనమూ చూస్తాం. ఒంటరిగా అంత ఓపిక తెచ్చుకోవడం చాలా కష్టం.

ఈ సినిమాలు అర్థం కావు, సగం విసుగు పుట్టిస్తాయి అన్నది రెండో అభ్యంతరం. నిజమే, ఎనిమిదింటిలో రెండు గట్టిగా పట్టుకుంటే ఆ షో బాగున్నట్టే. కాని ఏ రెండు అన్నది ముందే తెలియదు, పక్కవాళ్లకు పట్టుకున్న రెండూ మీకు పట్టుకున్న రెండూ ఒకటి కావు. నచ్చనిది వచ్చినా పది నిమిషాల్లో అయిపోతుంది. ఇక అర్థం కాకపోవడం గురించి: యూరి నోర్‌స్టైన్ 1979లో తీసిన 'టేల్ ఆఫ్ టేల్స్'లో మొదటిసారి చూసినవాళ్లకు కథ దొరకదు. తోడేలు పిల్ల, యుద్ధానికి వెళ్లిన మగవాళ్లు, మంచులో ఆపిల్ పండు, పాడుబడ్డ ఇల్లు, ఒకదాని వెంట ఒకటి జ్ఞాపకాల్లా వస్తాయి. 1984లో లాస్ ఏంజెలెస్‌లో, మళ్లీ 2002లో జాగ్రెబ్‌లో యానిమేషన్ రంగంవాళ్లు అన్ని కాలాల్లోకీ ఉత్తమ యానిమేషన్ చిత్రంగా దాన్నే ఎన్నుకున్నారు. కథ దొరకలేదని లేచిపోయినవాడికి ఆ సినిమా ఎప్పటికీ అందదు. మన పెద్దలు తోలుబొమ్మలాట చూస్తూ ప్రతి పద్యానికీ అర్థం చెప్పమని అడగలేదు. బొమ్మ కదలికనూ గొంతునూ వెలుగునూ ముందు పట్టుకున్నారు, అర్థం ఆట నడిచేకొద్దీ అందింది. ఆ అలవాటు ఈ హాళ్లలోనూ పనికొస్తుంది.

యానిమేషన్ పిల్లలది కదా అన్న మాట తెలుగునాట ఇంకా గట్టిగానే ఉంది. దానికి కారణం మన అనుభవమే. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ 2008లో తెచ్చిన 'ఛోటా భీమ్' ఒక తరం పిల్లల్ని పెంచింది. పెద్దల కోసం తీసిన యానిమేషన్ మన ఇళ్లలోకి రాలేదు. 2025లో 'మహావతార్ నరసింహ' తెలుగులో ఆడిన తీరు చూశాక, ఇంటిల్లిపాదీ యానిమేషన్ కోసం హాలుకు వెళ్తారని తేలింది. అది పెద్ద మార్పే, కాని పురాణం తోడుంటేనే వెళ్తామా అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆన్సీలో 2021 క్రిస్టల్ 'ఫ్లీ' అనే డానిష్ చిత్రానికి వచ్చింది. అఫ్ఘానిస్తాన్ నుంచి పారిపోయి వచ్చిన ఒక మనిషి చెప్పిన నిజజీవిత కథ అది. అతని ముఖం చూపకుండా అతని మాట వినిపించడానికి యానిమేషనే దారి అయింది. ఇలాంటివి చూడాలంటే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లే షోలూ మీరు ఒంటరిగా వెళ్లే షోలూ వేరుగా ఉంచుకోండి. పోటీ చిత్రాల్లో హింస, మరణం, దేహం దాపరికం లేకుండా ఉంటాయి. పిల్లల విభాగం వేరే ఉంటుంది, వయసు సూచన చూడకుండా టికెట్ తీసుకోవద్దు.

అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం యానిమేషన్‌లోనే ఉద్యోగం చేసే యువతీయువకుల నుంచి వస్తుంది. ఖర్చు పెట్టుకుని వెళ్లేది పరిచయాల కోసం, పని కోసం. సినిమాలు చూస్తూ కూర్చుంటే ఎలా? ఆన్సీలో 1985 నుంచి మీఫా అనే వ్యాపార సంత కూడా నడుస్తోంది. స్టూడియోలూ, కొనేవాళ్లూ, ఉద్యోగాలిచ్చేవాళ్లూ అక్కడే ఉంటారు. అవసరమైతే తప్పకుండా వెళ్లండి. కాని హైదరాబాద్‌లో ఈ పని ఎలా నడుస్తుందో గమనించండి. ఇక్కడి స్టూడియోలు చాలాకాలంగా విదేశీ టీవీ సీరియళ్లకు పనిచేస్తున్నాయి. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ 'జంగిల్ బుక్' సీరియల్‌ను విదేశీ సంస్థలతో కలిసి తీసింది. అలాంటి పనిలో ఒకరు రిగ్గింగ్, ఒకరు లైటింగ్, ఒకరు కంపోజిటింగ్. ఏళ్ల తరబడి ఒకే మెట్టు మీద, ఒకే బొమ్మ తీరులో పని. చెయ్యి తిరుగుతుంది, కాని తనకంటూ చెప్పాల్సిందేమైనా ఉందా అన్న ప్రశ్న ఎదురే కాదు. ఇసుకతో, పూసలతో, ఒక్క మనిషి చేసిన పది నిమిషాల సినిమా ముందు కూర్చుంటే ఆ ప్రశ్న తప్పించుకోలేనిదవుతుంది. పరిచయాలకూ ఇదే మేలైన దారి. సంతలో వందమందికి కార్డులిచ్చిన మనిషి ఎవరికీ గుర్తుండడు. నీ సినిమాలో వాన పడేచోట చప్పుడు ఎందుకు ఆపేశావని అడిగిన మనిషిని ఆ దర్శకుడు మరిచిపోడు. ఆన్సీలో పోటీ లఘుచిత్రాల దర్శకులతో ఉదయం పూట మాట్లాడుకునే కార్యక్రమం ఉంటుంది. ముందురోజు వాళ్ల సినిమా చూసినవాళ్లకే అది పనికొస్తుంది.

ఇక ఎలా చూడాలన్నది. రోజుకు లఘుచిత్రాల షోలు రెండు మించవద్దు, మధ్యలో కనీసం రెండు గంటల ఖాళీ ఉంచుకోండి. పదహారు వేర్వేరు లోకాల్లోకి వెళ్లిరావడం పదహారు రెట్ల అలసట. మూడో షోకి కళ్లు చూస్తాయి కాని మనసు పట్టుకోదు. మొదట పోటీ చిత్రాలు, తర్వాత విద్యార్థుల చిత్రాలు, ధైర్యముంటే ఆన్సీలో ఆఫ్ లిమిట్స్ అని పిలిచే ప్రయోగ విభాగం. చూడబోయే ముందు కథాసారాంశాలు చదవకండి, పేరూ దేశమూ చాలు. హాలు నుంచి బయటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడకముందే ఒక్కో సినిమాకు రెండు మాటలు రాసుకోండి: దేనితో చేశారు, కళ్లు మూసుకుంటే ఏది కనిపిస్తోంది. బాగుందా బాగాలేదా అని రాయకండి, ఆ తీర్పు సాయంత్రానికి మారిపోతుంది. స్నేహితుడి మాట విన్నాక మీకు కనిపించిన బొమ్మ మీద అతని మాట పరుచుకుంటుంది, అందుకే రాయడం ముందు, మాట తర్వాత. వారం తర్వాత ఆ రాతలు తీసి చూస్తే, ఏమీ నచ్చలేదనుకున్న సినిమాల్లో ఒకటి మిగతా అన్నిటికంటే స్పష్టంగా గుర్తుండడం మీరే గమనిస్తారు. అభిరుచి కదిలిన చోటు అదే.

ఆన్సీకి వెళ్లిరావడానికి వీసా, విమానం, యూరప్ ఖర్చులు కావాలి. అది అందరివల్లా కాదు, అవసరమూ లేదు. 1990లో మొదలైన ముంబై అంతర్జాతీయ చిత్రోత్సవం డాక్యుమెంటరీలతో పాటు లఘుచిత్రాలకూ యానిమేషన్‌కూ రెండేళ్లకోసారి జరుగుతోంది. మన హైదరాబాద్ 1995 నుంచి అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి ఆతిథ్యమిచ్చింది, 2017లో ఇరవయ్యోది జరిగింది. బడి పిల్లలు బస్సుల్లో వచ్చి ఎక్కడివో తెలియని దేశాల యానిమేషన్ చూసిన నగరం ఇది. ఆ అలవాటును నిలబెట్టుకోవడం మన చేతుల్లోనే ఉంది. దానికి తగిన రోజూ ఒకటుంది. 1892 అక్టోబర్ 28న పారిస్‌లో ఎమిల్ రేనో చేత్తో గీసిన బొమ్మలను తెర మీద కదిలించి జనానికి చూపాడు. ఆ రోజు గుర్తుగా ఆసిఫా 2002 నుంచి అక్టోబర్ 28ని అంతర్జాతీయ యానిమేషన్ దినంగా జరుపుతోంది. మన దేశంలో ఆసిఫా ఇండియా ఆ రోజుల్లో పలు నగరాల్లో ప్రదర్శనలు పెడుతుంది. మీ ఊళ్లో లేకపోతే మీరే పెట్టండి. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు తన సినిమాల్లో ఎన్నింటినో ఉచితంగా ఇంటర్నెట్‌లో ఉంచింది. మెక్‌లారెన్, లీఫ్, ఇషూ పటేల్ అక్కడే దొరుకుతారు. ఇంట్లో చూడడానికి అడ్డేమీ లేదు, పదిమందికి చూపాలంటే ముందు అనుమతి అడగండి. దగ్గర్లోని కాలేజీ విద్యార్థుల సినిమాలు రెండు మూడు కలపండి. సెమినార్ హాలు, ప్రొజెక్టర్, మంచి స్పీకర్లు, ఎనిమిది సినిమాలు, గంటన్నర. ఏవి వేస్తున్నారో ముందు చెప్పకండి, తలుపులు మూసి దీపాలు ఆర్పండి.